ఈ రోడ్డూ ఓ కాలేజీయే!

డిగ్రీ చేతికొచ్చింది. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు. హాస్టల్ ఫీజు మాత్రం ఒకటో తారీఖు రాగానే గుర్తొస్తుంది. రోజూ నడిచే రోడ్డు మీద, ఏదో ఒక షాపు అద్దానికి అంటించిన కాగితం కనిపిస్తూనే ఉంటుంది: 'సేల్స్ బాయ్స్, సేల్స్ గాళ్స్ కావలెను. అనుభవం అవసరం లేదు.' ఒక్క క్షణం ఆగుతారు. 'డిగ్రీ చదివి బట్టల షాపులోనా?' అనుకుని ముందుకు వెళ్లిపోతారు. లేదంటే అవసరం కొద్దీ వివరాలేవీ అడక్కుండా చేరిపోతారు.

ఈ రెండూ తొందరపాటే. షాపు ఉద్యోగం చిన్నతనం కాదు. అలాగని ప్రతి షాపు ఉద్యోగమూ భవిష్యత్తు చూపించదు. ఏది మెట్టు, ఏది గొయ్యి అని తేల్చుకోవాలంటే ముందు ఆ షాపు ఎలా బతుకుతోందో తెలియాలి. దానికి ఫీజు కట్టి చేరాల్సిన కోర్సేమీ లేదు. ఒక ఆదివారం, ఒక నోటుబుక్కు, కాస్త నడిచే ఓపిక ఉంటే చాలు.

మూసాపేటలో మొదలుపెట్టండి

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి మూసాపేట - మియాపూర్ రోడ్డు కన్నా మంచి క్లాస్‌రూమ్ దొరకదు. పుణె నుంచి హైదరాబాద్, విజయవాడల మీదుగా మచిలీపట్నం వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారిలో ఇదొక ముక్క. పాతవాళ్లు ఇప్పటికీ బొంబాయి హైవే అనే అంటారు. మూసాపేట, బాలానగర్, కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ కాలనీ, జేఎన్‌టీయూ కాలేజీ, మియాపూర్... ఆరు మెట్రో స్టేషన్లు. వాటి కింద రెండు వైపులా టిఫిన్ బండి నుంచి మల్టీప్లెక్స్ మాల్ దాకా అన్నీ ఉన్నాయి. హౌసింగ్ బోర్డు కాలనీ, విశ్వవిద్యాలయం, సందుల నిండా హాస్టళ్లు. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, ఉద్యోగం వెతుక్కునేవాళ్లు అందరూ ఒకే ఫుట్‌పాత్ మీద ఎదురవుతారు.

మీది గాజువాక అయినా, హనుమకొండ చౌరస్తా అయినా, విజయవాడ బందరు రోడ్డయినా ఇబ్బంది లేదు. పేర్లు మారతాయి, పాఠం ఒకటే.

మొదటి పాఠం: రోడ్డుకి రెండు పక్కలున్నా రెండూ ఒకటి కావు. పొద్దున ఎనిమిదింటికి నిలబడి చూడండి. ఊళ్లోకి, ఆఫీసులకి వెళ్లే వైపు టిఫిన్ సెంటర్లు, టీ కొట్లు, జిరాక్స్ షాపుల దగ్గర జనం కనిపిస్తారు. సాయంత్రం ఏడింటికి మళ్లీ రండి. ఇళ్లకి వెళ్లే వైపు కూరగాయలు, పాలు, స్వీట్లు, మందుల షాపులు కళకళలాడుతుంటాయి. అలసిపోయి ఇంటికెళ్లే మనిషి పావుకిలో స్వీటు కోసం యూటర్న్ తీసుకోడు. ఎడమచేతి పక్కన ఉంటేనే ఆగుతాడు. అందుకే వ్యాపారం తెలిసినవాళ్లు షాపు అద్దెకి తీసుకునేముందు పొద్దునా సాయంత్రం రెండుసార్లు వచ్చి చూసుకుంటారు. మెట్రో పిల్లర్లు, మధ్యలో డివైడర్ వచ్చాక ఈ తేడా ఇంకా పెరిగింది. ఈ మార్గంలో మియాపూర్ వైపు మెట్రో 2017 నవంబరులో మొదలైంది. స్టేషన్ మెట్లు ఎక్కడ దిగుతాయో అక్కడి నాలుగు షాపులకి నడిచొచ్చే గిరాకీ పెరిగింది. కారు ఆపుకోవడానికి చోటు లేని షాపులకి మాత్రం కష్టం పెరిగింది.

రెండో పాఠం: ఒకే రకం షాపులు పక్కపక్కనే ఎందుకుంటాయి? పది బట్టల షాపులు వరసగా ఉంటే ఒకళ్ల గిరాకీ ఇంకొకళ్లు లాక్కోరా? పెళ్లి బట్టలు కొనడానికి వచ్చే కుటుంబాన్ని గమనించండి. ఒక్క షాపు చూసి కొనరు. 'ఇంకో రెండు చూద్దాం' అంటారు. ఆ రెండూ పక్కనే ఉంటే ఆ రోడ్డుకే వస్తారు. పోల్చి కొనే వస్తువులు, అంటే చీరలు, నగలు, ఫర్నిచర్, టీవీలు, ఒకచోట గుమిగూడతాయి. తలనొప్పి మాత్ర కోసం మాత్రం ఎవరూ నాలుగు షాపులు తిరగరు. అందుకే మందుల షాపులు, కిరాణా ప్రతి కాలనీ మలుపులోనూ విడివిడిగా ఉంటాయి. ఈ ఒక్క తేడా అర్థమైతే మీ పని ఎలా ఉండబోతుందో కూడా తెలుస్తుంది. మొదటి రకం షాపులో మీ పని ఒప్పించడం. రెండో రకంలో తప్పు లేకుండా, ఆలస్యం లేకుండా ఇచ్చి పంపడం. ఇవి వేర్వేరు నైపుణ్యాలు. మీకు ఏది నప్పుతుందో ఇప్పుడే ఆలోచించుకోండి.

మూడో పాఠం: ఈ రోడ్డుకి ఇంగ్లిష్ క్యాలెండర్ కన్నా పంచాంగమే ముఖ్యం. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. అందుకే ఆ నెలలో 'ఆఫర్' బోర్డులు లేస్తాయి, పాత సరుకు ఖాళీ అవుతుంది. శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతం చీరలు, తర్వాత బతుకమ్మ, దసరా, దీపావళి. మళ్లీ సంక్రాంతి, ఉగాది. మధ్యలో ముహూర్తాలను బట్టి పెళ్లి కొనుగోళ్లు. జూన్‌లో బడి బూట్లు, బ్యాగులు. అక్షయ తృతీయకి బంగారం. పండగ ముందు షాపుల్లో మనుషుల్ని తీసుకుంటారు, పండగయ్యాక తగ్గిస్తారు. దసరాకి ముందు దొరికిన ఉద్యోగం దీపావళి తర్వాత కూడా ఉంటుందా అన్నది చేరినరోజే అడగాల్సిన ప్రశ్న.

మీ జీతం ఇచ్చేదెవరు?

మనవాళ్లు 'షాపింగ్ మాల్' అనే మాటని రెండు రకాలుగా వాడతారు. చెన్నై షాపింగ్ మాల్, సౌత్ ఇండియా షాపింగ్ మాల్ లాంటివి పేరుకి మాల్ అయినా ఒకే యాజమాన్యం నడిపే పెద్ద షాపులు. కేపీహెచ్‌బీలోని నెక్సస్ (2014లో తెరిచినప్పుడు దాని పేరు ఫోరం సుజనా), 2023 సెప్టెంబరులో కూకట్‌పల్లిలో తెరిచిన లులూ మాల్ లాంటివి వేరు. అక్కడ ఒకే కప్పు కింద చాలా కంపెనీలుంటాయి. మాల్ యాజమాన్యం చోటు అద్దెకిస్తుంది, ఏసీ, సెక్యూరిటీ, శుభ్రత చూసుకుంటుంది. షాపు నడిపేది మాత్రం వేరే బ్రాండ్.

ఇది మీకెందుకంటే, 'మాల్‌లో ఉద్యోగం' అని ఇంట్లో చెప్పేముందు అది ఎవరి ఉద్యోగమో మీకు తెలియాలి. నాలుగు రకాలుంటాయి. ఒకటి, నేరుగా షాపు లేదా బ్రాండ్ ఇచ్చేది. రెండు, మాల్ నిర్వహణ సంస్థ ఇచ్చేది. మూడు, మ్యాన్‌పవర్ ఏజెన్సీ ద్వారా వచ్చేది. నాలుగోది చాలామందికి తెలియదు. ఎలక్ట్రానిక్స్ షోరూమ్‌లో ఒక్క కంపెనీ టీవీ గురించే ఉత్సాహంగా చెప్పే యువకుడు చాలాసార్లు ఆ షోరూమ్ ఉద్యోగి కాడు, ఆ టీవీ కంపెనీ పెట్టిన మనిషి. యూనిఫాం అందరిదీ ఒకేలా కనిపించొచ్చు. జీతం, సెలవులు, ప్రమోషన్ మాత్రం వేర్వేరు చోట్ల నుంచి వస్తాయి. ఇంటర్వ్యూలో నామోషీ పడకుండా అడగండి: 'సార్, నేను ఎవరి పేరోల్ మీద ఉంటాను?'

అద్దాల వెనక లెక్క

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. షాపులోకి అడుగుపెడితే మనకి కనిపించేది లైట్లు, బొమ్మలకి తొడిగిన బట్టలు. యజమానికి కనిపించేది అంకెలు. ఆ అంకెలు తెలిసిన సేల్స్‌మన్‌కీ, తెలియని సేల్స్‌మన్‌కీ రెండేళ్ల తర్వాత చాలా దూరం ఉంటుంది.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఇవి ఏ షాపు అసలు లెక్కలూ కావు, అర్థం కావడానికి అనుకుంటున్నవి. వెయ్యి చదరపు అడుగుల రెడీమేడ్ షాపు. నెల అద్దె లక్ష రూపాయలు. కరెంటు, ఏసీ, ఇతర ఖర్చులు 25 వేలు. ఐదుగురికి 15 వేల చొప్పున జీతాలు 75 వేలు. మొత్తం 2 లక్షలు. వంద రూపాయల అమ్మకంలో సరుకు ఖరీదు పోను మిగిలేది 25 రూపాయలనుకుందాం. అంటే 2 లక్షల ఖర్చు తీరాలంటేనే నెలకి 8 లక్షల అమ్మకం జరగాలి. లాభం మాట తర్వాత.

రోజుకి ఎంత? సుమారు 26,700. ఒక్కో బిల్లు సగటున 800 అయితే రోజుకి 33, 34 బిల్లులు కావాలి. షాపులోకి వచ్చిన ప్రతి వందమందిలో 30 మంది కొంటారనుకుంటే, రోజుకి 110 మంది లోపలికి రావాలి. ఇలా వచ్చినవాళ్లలో కొన్నవాళ్ల శాతాన్నే ఈ రంగంలో 'కన్వర్షన్' అంటారు.

ఇక్కడే మీ విలువ దాగి ఉంది. అదే 110 మందిలో 30 శాతం కాకుండా 35 శాతం కొంటే? రోజుకి ఐదు బిల్లులు ఎక్కువ. అంటే 4 వేల అమ్మకం, నెలకి లక్షా 20 వేలు. దాని మీద మిగులు 30 వేలు. ఇద్దరి జీతం! అద్దె పెరగలేదు, కరెంటు బిల్లు పెరగలేదు, ప్రకటనలు వేయలేదు. ట్రయల్ రూమ్ బయట నిలబడి, 'అన్నా, ఇందులోనే ఇంకో సైజు ఉంది, తెస్తానుండండి' అన్న మనిషి వల్ల వచ్చిన తేడా అది. ఆ మనిషి మీరైతే, ఆ లెక్క మీ దగ్గర రాసి ఉంటే, జీతం పెంచమని అడిగేటప్పుడు బతిమాలాల్సిన పనిలేదు. కాగితం చూపిస్తే చాలు.

అద్దె సంగతి కూడా గమనించండి. మన ఉదాహరణలో ఖర్చులో సగం అద్దే. పెద్ద రోడ్డు మీది చిన్న షాపులు మూతపడటానికి చాలాసార్లు కారణం గిరాకీ లేకపోవడం కాదు, వచ్చిన గిరాకీ అద్దెకి సరిపోకపోవడం. డీమార్ట్ లాంటి సంస్థ తన స్టోర్లలో ఎక్కువ భాగం అద్దెకి కాకుండా సొంత స్థలంలో ఎందుకు పెడుతుందో ఇప్పుడు అర్థమైందా? అద్దె భారం తగ్గితే ధర తగ్గించడానికి వీలుంటుంది.

మొదటి ఆరు నెలల సిలబస్

చేరాక రోజూ బట్టలు మడతపెట్టడమే పని అనుకుంటే అంతవరకే మిగులుతుంది. మడతపెడుతూనే ఇవి నేర్చుకోవచ్చు.

స్టాక్: ఏ సైజు ముందు అయిపోతోంది, ఏ రంగు కదలట్లేదు? వారానికోసారి రాసుకోండి. కదలని సరుకే షాపుల్ని ముంచుతుంది. తినే వస్తువుల దగ్గరైతే గడువు ముందు తీరేది ముందు వరసలో ఉండాలి. సూపర్‌మార్కెట్‌లో పెరుగు ప్యాకెట్లు సర్దేవాడికి ఇది తెలియకపోతే నష్టం ఆ రాత్రికే కనిపిస్తుంది.

బిల్లు: మీరు కొట్టే ప్రతి బిల్లునీ ఒకసారి పూర్తిగా చదవండి. జీఎస్టీ 2017 జులై 1 నుంచి అమల్లో ఉంది. అందులో కేంద్రం వాటా, రాష్ట్రం వాటా ఎలా విడిపోతాయో, హెచ్‌ఎస్ఎన్ కోడ్ ఎందుకుంటుందో బీకాం పుస్తకంలో కన్నా కౌంటర్ దగ్గర తొందరగా అర్థమవుతుంది. బార్‌కోడ్ 890తో మొదలైతే అది భారత్‌లో తయారైందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ కంపెనీ కోడ్ భారత్‌లో నమోదైందని మాత్రమే దాని అర్థం. ఇలాంటి చిన్న విషయాలే ఇంటర్వ్యూలో మిమ్మల్ని పక్కవాడి నుంచి వేరుచేస్తాయి.

తేడా: సాయంత్రం లెక్క చూసినప్పుడు కంప్యూటర్‌లో ఉన్న సరుకు, అరలో ఉన్న సరుకు ఒకటి కాకపోవచ్చు. దొంగతనం, పగిలిపోవడం, తప్పు బిల్లు, తప్పు ఎంట్రీ... ఏదైనా కావొచ్చు. దీన్నే 'ష్రింకేజ్' అంటారు. కారణం వెతికే ఓపిక ఉన్నవాళ్లని ఏ యజమానీ వదులుకోడు.

మనుషులు: ఇది ఏ కోర్సులోనూ రాదు. చీర కొనేది కూతురు, ఒప్పుకోవాల్సింది తల్లి, డబ్బిచ్చేది తండ్రి. ముగ్గురితోనూ ఒకే సమయంలో మాట్లాడటం వచ్చిందంటే రేపు మీరు బ్యాంకులో ఉన్నా, కార్పొరేట్ ఆఫీసులో ఉన్నా పనికొస్తుంది. కేపీహెచ్‌బీ లాంటిచోట గంటలో తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడూ మాట్లాడాల్సి వస్తుంది. స్పోకెన్ ఇంగ్లిష్ ఫీజు మిగిలినట్టే!

మెట్లు ఎటు వెళ్తాయి?

సాధారణంగా వరస ఇలా ఉంటుంది. సేల్స్ అసోసియేట్, క్యాషియర్, సెక్షన్ ఇన్‌ఛార్జ్, ఫ్లోర్ మేనేజర్, స్టోర్ మేనేజర్, ఆ తర్వాత కొన్ని స్టోర్లు కలిపి చూసే ఏరియా మేనేజర్. ఇది నిలువు దారి. పక్కదారులూ ఉన్నాయి. సరుకు ఎంపిక చేసి కొనే బయ్యింగ్ విభాగం, గోడౌన్ నిర్వహణ, షాపు అలంకరణ చూసే విజువల్ మర్చండైజింగ్, ఆన్‌లైన్ ఆర్డర్లు. ఫ్లోర్ మీద పనిచేసి వచ్చినవాళ్లకి ఈ విభాగాల్లో ఒక బలం ఉంటుంది. కొనేవాళ్లు ఏమంటారో వాళ్లు చెవులారా విన్నారు.

కొన్ని షాపుల్లో అర్హతే తాళంచెవి. మందుల షాపులో మందులు ఇవ్వడానికి రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ ఉండాలన్నది చట్టం. డీఫార్మసీ, బీఫార్మసీ చేసినవాళ్లకి అందుకే ఈ రోడ్డు మీద ఎప్పుడూ చోటుంటుంది. కళ్లద్దాల షాపులకి ఆప్టోమెట్రీ చదివినవాళ్లు కావాలి. నగల షాపులో హాల్‌మార్క్, ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ గురించి తెలిసినవాళ్లకి విలువ ఎక్కువ. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగల మీద ఆ కోడ్ తప్పనిసరి.

చదువుకోవాలనుకుంటే దారులున్నాయి. హైదరాబాద్‌లోని ఎఫ్‌డీడీఐలో రిటైల్, ఫ్యాషన్ మర్చండైజ్‌లో బీబీఏ, ఎంబీఏ ఉన్నాయి. మాదాపూర్‌లోని నిఫ్ట్‌లో డిగ్రీ తర్వాత ఫ్యాషన్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్ చేయొచ్చు. రెండింటికీ ప్రవేశ పరీక్ష ఉంటుంది. తక్కువ ఖర్చులో కావాలంటే రిటైల్ రంగ నైపుణ్య మండలి రాస్కీ సర్టిఫికెట్ కోర్సులు, స్టైపెండ్ ఇచ్చే అప్రెంటిస్‌షిప్‌లు చూడండి. షాపులో ఏడాది పనిచేశాక వీటిలో చేరితే పాఠం సగం ముందే వచ్చేసి ఉంటుంది.

ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఒక చిట్కా. హైదరాబాద్ కేంద్రంగా పెరిగిన మూడు రిటైల్ కంపెనీలు ఈమధ్య స్టాక్ మార్కెట్‌లో నమోదయ్యాయి. మెడ్‌ప్లస్ 2021 డిసెంబరులో, బజాజ్ ఎలక్ట్రానిక్స్ షోరూమ్‌లు నడిపే ఎలక్ట్రానిక్స్ మార్ట్ 2022 అక్టోబరులో, కళామందిర్ షోరూమ్‌ల సాయి సిల్క్స్ 2023 సెప్టెంబరులో. నమోదయ్యే ప్రతి కంపెనీ తన వ్యాపారం గురించి ప్రాస్పెక్టస్ ఇవ్వాలి. సెబీ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవొచ్చు. ఎన్ని స్టోర్లు, ఎన్ని అద్దెవి, ఎక్కడెక్కడ, ఏం నష్టాలు రావొచ్చు... అన్నీ వాళ్లే రాసి ఉంటారు. అందులో 'వ్యాపారం', 'రిస్కులు' అన్న రెండు భాగాలు చదివి వెళ్లండి. ఎదురుగా కూర్చున్న మేనేజర్ ఒక నిమిషం మిమ్మల్ని చూస్తూ ఉండిపోతాడు.

సంతకానికి ముందు

ఇప్పటిదాకా చెప్పింది వెలుతురు వైపు. నీడ వైపు కూడా చూడాలి. ఈ రోడ్డు మీద పది, పన్నెండు గంటలు నిలబడి, చేతికి కాగితం ముక్క లేకుండా పనిచేసేవాళ్లూ ఉన్నారు. పని నేర్చుకోవడం వేరు, నలిగిపోవడం వేరు. ఆ తేడా తెలియాలంటే ఈ ప్రశ్నలు అడగాలి.

నియామక పత్రం ఇస్తారా? జీతం, పని గంటలు, వారం సెలవు అందులో రాసి ఉండాలి. జీతం బ్యాంకు ఖాతాలో పడితే మంచిది. రేపు అనుభవం చూపించుకోవడానికి అదే సాక్ష్యం.

పని గంటలెన్ని? తెలుగు రాష్ట్రాల్లో షాపులకి 1988 నాటి షాపులు, సంస్థల చట్టం ఉంది. వారానికి 48 గంటలు పరిమితి. అంతకుమించి చేయిస్తే ఆ గంటలకి రెట్టింపు లెక్కన ఇవ్వాలి. వారంలో ఒకరోజు సెలవు హక్కు, దయ కాదు. ఆదివారాలు, పండగల ముందు గిరాకీ ఎక్కువ కాబట్టి ఆ సెలవు మంగళవారమో బుధవారమో రావొచ్చు. అది సహజమే. అసలు రాకపోవడం మాత్రం సహజం కాదు.

పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా? ఇరవైమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట పీఎఫ్ వర్తిస్తుంది. పదిమంది ఉంటే ఈఎస్ఐ, నెల జీతం 21 వేల లోపు వాళ్లకి. మన ఉదాహరణలోని ఐదుగురి షాపుకి ఇవి రెండూ రావు. కానీ అది పదిచోట్ల బ్రాంచీలున్న గొలుసు షాపైతే పీఎఫ్‌కి అన్ని బ్రాంచీల మనుషుల్నీ కలిపి లెక్కేస్తారు. 'మా బ్రాంచీలో పదిమందే' అనే మాట అక్కడ చెల్లదు. ఈఎస్ఐకి మీ జీతం నుంచి పోయేది 0.75 శాతం. 15 వేల జీతానికి 113 రూపాయలు. దానికి బదులు మీకూ, మీ మీద ఆధారపడిన ఇంట్లోవాళ్లకీ వైద్యం. ఇదే మెట్రో లైన్‌లో ఈఎస్ఐ హాస్పిటల్ అనే స్టేషన్ ఉంది. రోజూ ఆ ప్రకటన వింటూ వెళ్తున్నారు, అందులో మీ వాటా ఉందో లేదో కనుక్కోండి. పీఎఫ్ కట్ అవుతుంటే యూఏఎన్ నంబరు అడిగి తీసుకోండి. డబ్బు పడుతోందో లేదో ఫోన్‌లో మీరే చూసుకోవచ్చు.

కూర్చోవడానికి కుర్చీ ఉందా? నవ్వకండి. రోజంతా నిలబడితే కాళ్ల నరాలు, నడుము ఏమవుతాయో రెండేళ్లు పనిచేసిన అక్కల్ని అడగండి. కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాన్ని సవరించి షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే సదుపాయం ఇవ్వాలన్నాయి. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ఫ్లోర్ మీద ఒక్క స్టూల్ అయినా కనిపిస్తోందా చూడండి. బాత్రూమ్‌కి వెళ్లడానికి అనుమతి ఎలా ఉంటుందో అమ్మాయిలు లోపల పనిచేసేవాళ్లని తప్పకుండా అడిగి తెలుసుకోండి. రాత్రి పదింటికి మూస్తే హాస్టల్‌కి ఎలా వెళ్తారన్నది కూడా చేరకముందే తేలాలి.

క్యాష్ తక్కువైతే ఎవరు కట్టాలి? కౌంటర్‌లో కూర్చోబెట్టేముందే ఈ ప్రశ్న అడగండి. క్యాష్ తీసుకునేటప్పుడూ, అప్పగించేటప్పుడూ లెక్కపెట్టి సంతకం చేయించుకునే అలవాటు మొదటిరోజు నుంచే ఉండాలి.

చివరగా రెండు గట్టి మాటలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా పెట్టకండి. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, వెనక్కి తెచ్చుకోండి. అవి బీరువాలో ఉన్నంతకాలం మీరు మానేయాలనుకున్నా మానేయలేరు. ఉద్యోగం ఇప్పించడానికి డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు అంటూ డబ్బు అడిగితే అక్కడినుంచి లేచి వచ్చేయండి. డబ్బు షాపు నుంచి మీకు రావాలి, మీ నుంచి షాపుకి కాదు.

కోచింగ్‌తో పాటు చేయొచ్చా?

ఎక్కువమంది అడిగేది ఇదే. 'పగలు కోచింగ్, సాయంత్రం ఐదు నుంచి పది దాకా షాపు, కుదురుతుందా?' నిజాయతీగా చెప్పాలంటే కొన్నాళ్లు కుదురుతుంది. పరీక్ష తేదీ వచ్చాక కష్టం. రాత్రి పదకొండింటికి కాళ్లు లాగుతుంటే పాలిటీ పుస్తకం తలకెక్కదు. అందుకే ఒక గడువు పెట్టుకోండి. పరీక్ష రాస్తున్నవాళ్లయితే వారాంతం పనో, పండగ సీజన్ పనో ఎంచుకుని మిగతా సమయం చదువుకివ్వండి. పూర్తిగా చేరితే ఆరు నెలలకోసారి మిమ్మల్ని మీరు మూడు ప్రశ్నలు అడగండి. నాకు కొత్తగా ఏం వచ్చింది? నా జీతం స్లిప్‌లో ఏం మారింది? నా పైన ఉన్న మనిషి పనిలో సగం నేను చేయగలనా? మూడింటికీ జవాబు 'ఏమీ లేదు' అయితే షాపు మార్చే సమయం వచ్చింది. రోడ్డు పొడవునా షాపులే కదా!

ఒకమాట గుర్తుంచుకోండి. ఒకచోట ఏళ్లతరబడి ఉండిపోవడం ఓటమి కాదు, అక్కడ ఉన్న సంగతి మీకే గుర్తులేనట్టు ఉండిపోవడం ఓటమి. నోటిఫికేషన్ వచ్చి సర్కారు కొలువు దొరికినా, ఈ కౌంటర్ దగ్గర నేర్చుకున్న లెక్క, ఓపిక, మాట తీరు మీతోనే వస్తాయి. రాకపోతే చేతిలో ఒక పని ఉంటుంది. రేపు సొంతంగా షట్టర్ ఎత్తాలనుకుంటే, అద్దె ఎంత దాటితే వద్దనాలో తెలిసి ఉంటుంది. ఈ చదువుకి వచ్చే డిగ్రీ అదే.

ఈ ఆదివారం హోంవర్క్

* రోడ్డు మీద ఒక కిలోమీటరు ఎంచుకోండి. రెండు వైపులా ఏ రకం షాపులు ఎన్ని ఉన్నాయో రాయండి. 'టు లెట్' బోర్డులు విడిగా లెక్కపెట్టండి.
* ఒక షాపు ఎదురుగా అరగంట నిలబడండి. ఎంతమంది లోపలికి వెళ్లారు, ఎంతమంది సంచీతో బయటికొచ్చారు? అదే ఆ అరగంట కన్వర్షన్.
* పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అదే పని చేయండి. తేడా ఎందుకొచ్చిందో రెండు వాక్యాలు రాయండి.
* 'కావలెను' కాగితం అంటించిన రెండు షాపుల్లోకి వెళ్లి జీతం, గంటలు, వారం సెలవు అడగండి. చేరమని కాదు, అడగడం అలవాటవ్వాలని.
* ఆ నాలుగు పేజీలూ దాచుకోండి. రిటైల్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు రెజ్యూమెతో పాటు టేబుల్ మీద పెట్టండి. 'అనుభవం ఉందా?' అని అడిగితే చూపించడానికి అదే మీ మొదటి అనుభవం.